ఒకే ఇల్లు, వేరు కాపురాలు

లినక్స్‌లో తప్పులకి నంబర్లుంటాయి. వాటిలో 98వ నంబరు తప్పుకి అర్థం ‘ఆ చిరునామా ఇప్పటికే వాడుకలో ఉంది’ అని. సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో ఉన్నవాళ్ళలో ఈ మాట ఎదురుపడనివాళ్ళు ఉండరు. మెషీన్ మీద ఒక వెబ్ సర్వరో, డేటాబేసో అప్పటికే నడుస్తూ ఉంటుంది. మనం అదే ప్రోగ్రామ్‌ని రెండోసారి మొదలుపెడతాం. ఆ రెండోది లేచీ లేవగానే, తను నిలబడాల్సిన గుమ్మంలో అచ్చం తనలాంటిదే ఇంకొకటి నిలబడి ఉండటం చూస్తుంది. ఆ ఒక్క ముక్క చెప్పి ఆగిపోతుంది.

రెండోది ఎందుకు కావాలి? కారణాలు చాలానే ఉంటాయి. పాత వెర్షన్ మీద ఆధారపడ్డ పని ఇంకా తెమల్లేదు, కొత్త వెర్షన్ కూడా పక్కనే కావాలి. అసలు డేటా ఒకదాంట్లో, ప్రయోగాలు చేసుకునే డేటా ఇంకోదాంట్లో ఉండాలి. ఇద్దరు ఖాతాదారులున్నారు, ఒకరిది ఒకరి కంట పడకూడదు. లేదా ఆ ప్రోగ్రామ్‌కి ఒక ప్రాసెసర్ కోర్‌ని మించి వాడుకోవడం చేతకాదు, మెషీన్లో చూస్తే పదహారు కోర్లున్నాయి. ఇన్నిటి వెనకా ఉన్న సంగతి ఒకటే: మెషీన్ ఒకటి, అవసరాలు అనేకం.

పదిహేనేళ్ళకి పైగా ఈ పనే చేస్తూ వచ్చాక నాకు తోచింది ఇది. కంప్యూటర్లో నకలు తీయడం ఎప్పుడూ తేలికే. ఆ నకలు చేత వేరు కాపురం పెట్టించడమే కష్టం. మొదటిదానికి యూనిక్స్ పుట్టిన కొత్తలోనే ఇరవై ఏడు లైన్లు సరిపోయాయి. రెండోది కుదరడానికి నలభై ఏళ్ళకి పైనే పట్టింది. ఈ వ్యాసం ఆ మధ్యకాలం గురించి. చూడ్డానికి మెషీన్ల కథే అయినా, తెలుగులాంటి భాషలో ఒక చిన్న పత్రికో బ్లాగో తన సొంత పేరుతో వెబ్‌లో నిలబడగలగడానికీ దీనికీ గట్టి సంబంధమే ఉంది.

గుమ్మం దగ్గర కాపలా

తెర వెనక ఎవరి పిలుపు కోసమో ఎదురుచూస్తూ, పిలిచినప్పుడు పనిచేసి, మళ్ళీ ఎదురుచూపులోకి వెళ్ళిపోయే ప్రోగ్రామ్‌ని డీమన్ అంటారు. వెబ్ సర్వర్ ఒక డీమన్. డేటాబేసు ఒక డీమన్. ఉత్తరాలు చేరవేసేది ఒక డీమన్. ఈ పేరు భౌతికశాస్త్రం నుంచి వచ్చింది. 1867లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ తన మిత్రుడు టెయిట్‌కి రాసిన ఉత్తరంలో ఒక బుల్లి జీవిని ఊహించాడు. రెండు గదుల మధ్య చిన్న తలుపు దగ్గర కూచుని, వేగంగా వచ్చే అణువుల్ని ఒక వైపుకీ, నెమ్మదిగా వచ్చేవాటిని ఇంకో వైపుకీ పంపుతూ ఉండటమే దాని పని. దానికి ‘డీమన్’ అనే పేరు తగిలించినవాడు విలియం థామ్సన్, 1874లో. 1963లో ఎం.ఐ.టి.లో, ప్రాజెక్ట్ మాక్‌లో ఐబిఎం 7094 మీద పనిచేస్తున్న ఫెర్నాండో కొర్బాతో బృందం, అలుపు లేకుండా వెనకాల పనిచేసే ప్రోగ్రాములకి ఆ పేరునే అరువు తెచ్చుకుంది.

దీన్ని దెయ్యం అని అనువదిస్తే తప్పుదారి పడతాం. గ్రీకుల డైమాన్ మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. దేవుళ్ళకీ మనుషులకీ మధ్య మసిలే శక్తి. మన ఊళ్ళల్లో అమ్మవారి గుడి ముందు రాయి రూపంలో నిలబడి కాపలా కాసే పోతురాజు దీనికి దగ్గరి చుట్టం అనిపిస్తుంది నాకు. మాక్స్‌వెల్ జీవి కూడా గుమ్మం దగ్గరి కాపలాదారే. ఆ గుమ్మమే తర్వాత పెద్ద గొడవకి మూలం అయింది.

అప్పటి పెద్ద మెషీన్ అంటే మిలియన్ల డాలర్ల సరుకు. అంత ఖరీదైనదాన్ని ఒక్కరి చేతికిచ్చి, ఆ ఒక్కరూ ఆలోచించుకుంటూ కూచుంటే ఎవరు భరిస్తారు? అందుకే కొర్బాతో బృందం కాలాన్ని ముక్కలు చేసి పంచింది. 1961 నవంబరులో వాళ్ళు ప్రదర్శించిన వ్యవస్థలో ఒకేసారి కొందరు తలా ఒక టెర్మినల్ ముందు కూచుని, మెషీన్ తమ ఒక్కరిదే అన్న భ్రమలో పనిచేసుకోగలిగారు. లేమి వల్ల పుట్టిన ఏర్పాటు అది. ఉమ్మడిగా వాడుకోవాలి, కానీ ఎవరికి వారికి తమదే అన్నట్టు ఉండాలి. ఇప్పటిదాకా వచ్చిన ప్రతి మలుపులోనూ ఉన్నది ఈ కోరికే.

ఇరవై ఏడు లైన్లు

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ ఒక పాత పీడీపీ-7 మీద యూనిక్స్ మొదలుపెట్టారు. అందులో కొత్త ప్రాసెస్‌ని పుట్టించడానికి వాళ్ళు ఎంచుకున్న పద్ధతి పేరు ఫోర్క్. ఆలోచన వాళ్ళది కాదు. మెల్విన్ కాన్వే 1963లో రాసిన పత్రంలో ఉంది, బర్క్‌లీ వాళ్ళ జీనీ వ్యవస్థలోనూ ఉంది. దాన్ని పీడీపీ-7 మీద అమలు చేయడానికి సరిగ్గా ఇరవై ఏడు లైన్ల అసెంబ్లీ కోడ్ పట్టిందని రిచీ తర్వాత లెక్క చెప్పాడు.

ఫోర్క్ చేసే పని వినడానికే చిత్రంగా ఉంటుంది. నడుస్తున్న ప్రోగ్రామ్ నడుస్తున్నట్టే రెండవుతుంది. జ్ఞాపకాలవే, తెరిచిన ఫైళ్ళవే, ఆగిన చోటూ అదే. ఒకే వాక్యం మధ్యలో ఇద్దరు నిద్రలేచినట్టు. మరి ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది? ఫోర్క్ ఇచ్చే జవాబు బట్టి. పిల్లకి సున్నా అని జవాబొస్తుంది, తల్లికి ఆ పిల్ల నంబరు వస్తుంది. పుట్టిన క్షణంలో ఇద్దరికీ ఉన్న తేడా దాదాపుగా అంతే, ఒక నంబరు.

చాలా ఏళ్ళపాటు యూనిక్స్ సర్వర్లన్నీ ఈ బలం మీదే నడిచాయి. తల్లి గుమ్మంలో నిలబడుతుంది. ఎవరైనా వస్తే ఒక పిల్లని పుట్టించి, వాళ్ళ పని చూడమని పంపి, తను మళ్ళీ గుమ్మంలోకి వస్తుంది. 1995 వేసవిలో రాబర్ట్ థౌ ‘షంభాలా’ అన్న ముద్దుపేరుతో అపాచీ వెబ్ సర్వర్‌కి కొత్త నిర్మాణం ఇచ్చినప్పుడు, అతిథులు రాకముందే కొందరు పిల్లల్ని పుట్టించి సిద్ధంగా ఉంచడం అందులో ఒక ముఖ్యమైన భాగం. ఇప్పటికీ ఒక అపాచీ సర్వర్లోకి తొంగి చూస్తే ఒకే పేరుతో పది ప్రాసెస్‌లు కనబడొచ్చు.

కానీ అవి పది సర్వర్లు కాదు. ఒకే పొయ్యి, ఒకే పద్దుపుస్తకం, ఒకే వీధి గుమ్మం ఉన్న ఉమ్మడి కుటుంబం అది. తల్లిని ఆపితే పిల్లలందరి పనీ ఆగిపోతుంది. రెండో సర్వర్ అంటే ఆ పదకొండో పిల్ల కాదు. తనకంటూ వేరే పొయ్యి, వేరే పద్దు, వేరే గుమ్మం ఉన్న ఇంకో సంసారం. ఆ ఏర్పాటు ఫోర్క్‌తో రాదు.

బై వన్, బై టూ

నేను లినక్స్ నేర్చుకున్నది హైదరాబాదులో, అమీర్‌పేటలో. అక్కడ పోర్టుల గురించి చెప్పడానికి పెద్ద ఉపమానాలు అక్కర్లేదు, కిటికీలోంచి చూస్తే చాలు. ఒక ఇంటికి ఒక డోర్ నంబరుంటుంది. ఇంటాయన పైన రెండు పోర్షన్లు వేసి అద్దెకిస్తాడు. అవి బై వన్, బై టూ అవుతాయి, లేదా బై ఏ, బై బీ. పోస్టుమాన్ ఇల్లు వెతికి పట్టుకుంటే సరిపోదు, బై తర్వాత ఏముందో కూడా చూడాలి. ఐపీ చిరునామా డోర్ నంబరైతే, పోర్టు ఆ బై తర్వాతి అంకె.

1981 సెప్టెంబరులో ఖరారైన టీసీపీ ప్రమాణం ఈ అంకెకి పదహారు బిట్లు కేటాయించింది. అంటే ఒక్కో చిరునామాకి 65,536 పోర్టులు. ఏ సేవకి ఏ నంబరో చూసే జాబితాని జాన్ పోస్టెల్ 1998లో చనిపోయేదాకా సంరక్షించాడు. ఉత్తరాలకి 25, వెబ్‌కి 80. బర్క్‌లీ యూనిక్స్ వాళ్ళు 1024కి లోపలి గుమ్మాలలో నిలబడే హక్కు రూట్‌కి మాత్రమే ఉండాలన్నారు. 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీలో ‘బైండ్’ అనే పిలుపు ఉంది. ఫలానా గుమ్మం నాది అని డీమన్ చేసుకునే దావా అది. ఆ గుమ్మం అప్పటికే ఎవరిదో అయితే, మొదట్లో చెప్పిన జవాబొస్తుంది.

అరవై అయిదు వేల గుమ్మాలుంటే ఇక గొడవేమిటి అనిపించొచ్చు. తిరకాసు ఇక్కడే ఉంది. వచ్చేవాళ్ళందరికీ తెలిసిన గుమ్మం ఒక్కటే. బ్రౌజర్లో పేరు కొట్టినవాడు అప్పట్లో 80కే వచ్చేవాడు. 8081లో అంత చక్కటి సర్వర్ ఇంకొకటి కూచుని ఉందని వాడికి ఎవరు చెప్తారు?

1986లో వచ్చిన 4.3 బీఎస్‌డీ ఇంకో దారి చూపించింది. ఇనెట్‌డీ అనే ఒక్క డీమన్ అన్ని గుమ్మాల్లోనూ తానే నిలబడుతుంది. ఎవరైనా తలుపు తడితే, ఆ పని తెలిసినదాన్ని అప్పటికప్పుడు లేపుతుంది. అపార్టుమెంటు వాచ్‌మన్ పద్ధతి. మెమొరీ కరువున్న రోజుల్లో ఇది ఎంతో పొదుపు. ఇది లేపే సేవల్లో ఒకటి ఫింగర్‌డీ, ఫలానా మనిషి మెషీన్ మీద ఉన్నాడా లేడా చెప్పే చిన్న డీమన్. రెండేళ్ళు తిరిగేసరికి దాని పేరు అమెరికా అంతా మోగింది.

రక్తబీజుడు

1988 నవంబరు 2న కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్ ఒక ప్రోగ్రామ్‌ని ఇంటర్నెట్‌లోకి వదిలాడు. వదిలింది ఎం.ఐ.టి. మెషీన్ నుంచి. అది ఫింగర్‌డీలో ఉన్న లోపం గుండా, ఉత్తరాలు చేరవేసే సెండ్‌మెయిల్‌లో తెరిచి ఉంచిన దొడ్డిదారి గుండా ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి పాకింది. ఫైళ్ళు చెరపలేదు, డబ్బు దోచలేదు. అయినా మెషీన్లు చతికిలబడ్డాయి. ఎందుకు?

ఒకే మెషీన్ మీద అది ఎన్నో నకళ్ళుగా నడిచినందుకు. ఆ చిక్కు మోరిస్‌కి తెలియక కాదు. కొత్తగా వచ్చిన నకలు ముందుగా ఈ ఇంట్లో నాలాంటిది ఉందా అని వాకబు చేసేలా రాశాడు. ఉంటే రెండింట్లో ఒకటి తప్పుకోవాలి. కానీ ఎవరైనా తెలివైనవాడు ‘ఉంది’ అని అబద్ధం చెప్పే ప్రోగ్రామ్ పెడితే ఇది ప్రతిచోటా వెనుదిరగాల్సి వస్తుంది కదా. అందుకని ఏడింట ఒకసారి, ఉన్నా సరే లెక్కచేయకుండా ఉండిపోమన్నాడు. ఏడింట ఒకటి చిన్న సంఖ్యలాగే కనబడుతుంది. నెట్‌వర్క్‌లో ప్రతి మెషీన్ మీదికీ మళ్ళీ మళ్ళీ నకళ్ళు వచ్చి పడుతున్నప్పుడు అది చిన్నది కాదు. దేవి కత్తి తగిలి రాలిన ప్రతి నెత్తుటి బొట్టులోంచీ ఇంకో రక్తబీజుడు లేచినట్టు, ఒకదాన్ని చంపేలోపు ఇంకొకటి మొలిచింది. అప్పటి ఇంటర్నెట్‌లో ఉన్న సుమారు 60,000 మెషీన్లలో 6,000 దాకా దెబ్బతిన్నాయని ఒక అంచనా. 1986 నాటి కంప్యూటర్ నేరాల చట్టం కింద శిక్షపడ్డ తొలి మనిషి మోరిస్. మూడేళ్ళ ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా. తర్వాత ఎం.ఐ.టి.లోనే ప్రొఫెసర్ అయ్యాడు.

ఈ కథని భద్రతా చరిత్రలో మొదటి పాఠంగా చెబుతారు. నేను దీన్ని ఇంకోలా చదువుతాను. ‘నేను ఇక్కడ ఇప్పటికే ఉన్నానా?’ అన్న ప్రశ్న ఎంత కష్టమైనదో చూపించిన సంఘటన ఇది. మామూలు డీమన్లకీ ఆ ప్రశ్న తప్పదు. అవి కనిపెట్టుకున్న ఉపాయం పిడ్ ఫైలు. లేవగానే తన ప్రాసెస్ నంబరుని ఒక చిన్న ఫైల్లో రాసి, అందరికీ తెలిసిన చోట పెట్టడం. తర్వాత వచ్చినది ఆ ఫైలు చూసి, ఆ నంబరు బతికే ఉంటే వెనక్కి వెళ్ళిపోవాలి. కరెంటు పోయి మెషీన్ ఆగిపోతే మాత్రం ఫైలు మిగిలిపోతుంది, చనిపోయినవాళ్ళ పేర్లు రేషన్ కార్డులో మిగిలినట్టు. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు అందుకే ఒక్క ఫైలుని నమ్మదు. తన డేటా డైరెక్టరీలోని పిడ్ ఫైలుతో పాటు షేర్డ్ మెమొరీని కూడా చూసుకుంటుంది. అంత జాగ్రత్త ఎందుకంటే, ఒకే డేటా మీద రెండు సర్వర్లు కూచున్నాయంటే ఆ డేటా ఇక దక్కదు.

సామాను జాబితా

ఒకే ప్రోగ్రామ్ రెండుసార్లు నడవకుండా ఇంత కట్టుదిట్టం చేశాక, నిజంగానే రెండు కావాలంటే? ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్ళు ‘నేనొక్కదాన్నే’ అనుకున్న ప్రతి చోటునీ వెతికి పట్టుకుని విడదీయాలి. 1991లో లినుస్ టోర్వాల్డ్స్ హెల్సింకీలో మొదలుపెట్టిన లినక్స్ ఆ దశాబ్దం చివరికల్లా చవక సర్వర్లకి పునాది అయింది. ఈ విడదీసే పనంతా ఎక్కువగా జరిగింది దాని మీదే.

మైసీక్వెల్‌ని తీసుకుందాం. అది అనుకునే పోర్టు 3306. అదే మెషీన్లోని ప్రోగ్రాములతో మాట్లాడటానికి ఒక సాకెట్ ఫైలు. డేటాకి ఒక డైరెక్టరీ. ఒక పిడ్ ఫైలు, ఒక లాగ్. రెండో మైసీక్వెల్ పెట్టాలంటే ఈ ఐదూ వేరుగా చెప్పాలి. కొత్త సంసారానికి పొయ్యి, బిందె, చాప అంటూ రాసుకునే చీటీలాంటిది ఆ జాబితా. ఇది అందరికీ అవసరమైన పని కాబట్టి, మైసీక్వెల్ వాళ్ళే ‘మల్టీ’ అని ఒక పెర్ల్ స్క్రిప్ట్ ఇచ్చారు. ఒకే కాన్ఫిగ్ ఫైల్లో ఒకటో సర్వర్, రెండో సర్వర్ అని విడివిడి భాగాలు రాసుకుంటే అది చూసుకునేది. డెబియన్ పంపిణీలో పోస్ట్‌గ్రెస్‌కి ఇంకా మంచి ఏర్పాటు ఉంది. మొదటిదానికి 5432 ఇస్తే, రెండోదానికి అదే 5433 చూసి ఇస్తుంది. పాత వెర్షన్, కొత్త వెర్షన్ పక్కపక్కనే నడుస్తాయి, డేటా నెమ్మదిగా అటు మార్చుకోవచ్చు.

2009లో సాల్వతోరే సాన్‌ఫిలిప్పో విడుదల చేసిన రెడిస్‌ది వేరే కారణం. అది ఆదేశాల్ని ఒక్క దారంలోనే నడిపిస్తుంది. దాని వేగానికీ సరళతకీ మూలం అదే. కానీ ఎనిమిది కోర్ల మెషీన్లో ఒకటే రెడిస్ ఉంటే ఏడు కోర్లు దాదాపు ఊరికే కూచుంటాయి. అందుకని ఒకే మెషీన్ మీద ఆరేడు రెడిస్‌లు నడపడం మామూలు. దాని పోర్టు 6379. పాత ఫోన్ మీటల మీద ఆ అంకెలకి మెర్జ్ అనే అక్షరాలొస్తాయి, ఒక ఇటాలియన్ నటి ఇంటిపేరు. రెండో రెడిస్‌కి 6380 ఇస్తాం. దానికి ఏ నటి పేరూ రాదు, పాపం.

ఇవన్నీ ఉన్నా రోజువారీ పని మాత్రం మోటుగానే ఉండేది. నేను పనిచేసిన ఒకచోట ఒకే మెషీన్ మీద పదకొండు డేటాబేసు సర్వర్లుండేవి. వాటిని లేపే స్క్రిప్టులూ పదకొండు. ఒకదాన్ని చూసి ఇంకొకటి కాపీ చేసి, నంబర్లు మార్చినవి. ఏడోదాంట్లో ఎవరో ఒక పొరపాటు దిద్దారు, మిగతా పదింట్లో అది అలాగే ఉంది. పాతకాలపు రాతప్రతుల్ని పరిష్కరించే పండితులు చేసే పని, ఏ ప్రతి దేన్ని చూసి రాసిందో, ఏ తప్పు ఎక్కడ చొరబడిందో తేల్చే పని, అక్కడ నేను కొన్ని వారాలు చేశాను.

పేరు చెప్పి తలుపు తట్టడం

ఈలోగా వెబ్ వైపు కథ ఇంకో దారి పట్టింది. 1990ల మొదట్లో బ్రౌజర్ సర్వర్ దగ్గరికి వచ్చి ‘ఫలానా పేజీ ఇవ్వు’ అనేది తప్ప, ఎవరింటికి వచ్చిందో చెప్పేది కాదు. ఇంటికి వచ్చిందంటే ఆ ఇంట్లో ఉన్నది ఒకరే అనుకునేది. కాబట్టి ప్రతి వెబ్‌సైట్‌కీ ఒక సొంత ఐపీ చిరునామా కావాల్సి వచ్చేది. ఒకే మెషీన్‌కి పది చిరునామాలు తగిలించి పది సైట్లు నడపడం కుదిరేది. కానీ చిరునామాలు మొత్తం ప్రపంచానికి ఉన్నవే సుమారు 430 కోట్లు. ఆ పంపకంలో చిన్నవాడి వంతుకి ఏమొస్తుంది?

1997 జనవరిలో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణం ఒక్క లైనుతో దీన్ని మార్చింది. తలుపు తట్టేవాడు తను ఎవరి కోసం వచ్చాడో పేరు చెప్పి తీరాలి. హోస్ట్ అనే ఆ ఒక్క లైను లేని అభ్యర్థనని సర్వర్ తిప్పికొట్టాలి. అప్పట్నుంచీ ఒకే మెషీన్, ఒకే చిరునామా, ఒకే 80వ గుమ్మం వెనకాల వందలాది సైట్లు ఎవరి పేరుతో వాళ్ళు ఉండగలిగాయి. ఇక్కడ సర్వర్ ఒకటే, ముఖాలు అనేకం. నెలకి ఒక సినిమా టికెట్టు ఖరీదుకి సొంత పేరుతో సైట్ దొరికేది ఈ ఏర్పాటు వల్లే. ప్రకటనలు రాని, పాఠకులు వందల్లోనే ఉండే భాషా పత్రికలకీ, కథల సైట్లకీ, పద్యాల బ్లాగులకీ వేరే మెషీన్ కొనిచ్చే దాత ఎక్కడుంటాడు? ఆ ఒక్క లైను వాళ్ళకి చోటిచ్చింది.

కానీ ముఖాలు వేరైనా ఒళ్ళొకటే. అపాచీ ఒకే యూజర్ పేరు మీద నడుస్తుంది కాబట్టి, పక్క సైట్‌వాడి ప్రోగ్రామ్ మన పాస్‌వర్డుల ఫైలు చదవగలదు. వాడి సైట్లోకి దొంగ దూరితే మన సైట్లోకీ దూరినట్టే. 1997లో అపాచీ 1.2తో వచ్చిన సూఎగ్జెక్, ఎవరి ప్రోగ్రాముల్ని వాళ్ళ పేరు మీదే నడపడానికి చేసిన ప్రయత్నం. తర్వాత పీహెచ్‌పీలో వచ్చిన ఎఫ్‌పీఎం పూల్స్ కూడా అలాంటివే. నేను కొన్నాళ్ళు నలుగురు మిత్రుల సాహిత్య సైట్లని ఒకే చిన్న మెషీన్ మీద నడిపాను, ఒక జీబీ మెమొరీతో. వీధి గుమ్మం ఉమ్మడి, లోపల నాలుగు పూల్స్, నలుగురు యూజర్లు. ఒకరి సైట్‌కి ఒకరోజు ఎక్కడలేని జనం వచ్చిపడితే మిగతా ముగ్గురి సైట్లూ నెమ్మదించేవి. ఇళ్ళు వేరైనా, నీళ్ళ ట్యాంకు ఒకటే.

గోడలు కట్టాలన్న ఆలోచన పాతదే. 1979 నాటి ఏడో యూనిక్స్‌లోనే చ్‌రూట్ ఉంది. ఒక ప్రాసెస్‌కి ఫైళ్ళ చెట్టులో ఒక కొమ్మని మాత్రమే చూపించి, అదే చెట్టు మొత్తం అనిపించేలా చేస్తుంది. 2000 మార్చిలో ఫ్రీబీఎస్‌డీ 4.0తో వచ్చిన జైల్, దాన్ని నిజమైన గోడగా మార్చింది. రాసినవాడు పోల్-హెన్నింగ్ కాంప్. రాయించుకున్నది ఒక హోస్టింగ్ సంస్థ, ఒకే మెషీన్ మీద ఉన్న ఖాతాదారుల్ని ఒకరి నుంచి ఒకరిని కాపాడటానికి. అంటే ఆ గోడ కూడా అద్దె ఇళ్ళ అవసరంలోంచి పుట్టిందే.

మూస

లినక్స్‌లో ఈ గోడలు విడివిడిగా, ఏళ్ళ తరబడి లేచాయి. నేమ్‌స్పేస్ అంటే చూపుకి గోడ. తన ఫైళ్ళు, తన ప్రాసెస్ నంబర్లు, తన పోర్టులు మాత్రమే కనబడటం. 2002లో మొదలైన ఆ పని, యూజర్ నేమ్‌స్పేస్‌లతో 2013 ఫిబ్రవరికి ఒక కొలిక్కి వచ్చింది. సీగ్రూప్ అంటే వాడకానికి కొలత. గూగుల్‌లో పాల్ మెనాజ్, రోహిత్ సేఠ్ 2006లో మొదలుపెట్టారు, 2008 జనవరిలో కెర్నెల్లో చేరింది. ఈ గుంపుకి ఇంత ప్రాసెసర్, ఇంత మెమొరీ అని చెప్పొచ్చు. నీళ్ళ ట్యాంకు ఒకటే అయినా ఎవరి కుళాయికి వాళ్ళ మీటరు.

2010 ఏప్రిల్లో లెనార్ట్ పోటరింగ్ సిస్టమ్‌డీని ప్రకటించాడు. దాని మీద జరిగిన తగాదాలు ఒక గ్రంథం అవుతాయి, వాటి జోలికి పోను. నాకు కావాల్సింది అందులోని చిన్న సౌకర్యం. సేవ పేరులో ‘@’ గుర్తు పెట్టి ఒకే ఒక్క మూస ఫైలు రాస్తాం. ఆ గుర్తు తర్వాత ఏ పేరు చెప్తే ఆ పేరుతో ఒక సర్వర్ లేస్తుంది. డేటా డైరెక్టరీ, పోర్టు ఆకరం, లాగ్ అన్నీ ఆ పేరుని పట్టుకుని వేరవుతాయి. నా పదకొండు స్క్రిప్టులు ఒక్క ఫైలయ్యాయి. ఏడోదాన్ని దిద్దడం, నాలుగోదాన్ని మర్చిపోవడం అనే ప్రశ్న లేదు. పిడ్ ఫైలుతోనూ పనిలేదు, తను పుట్టించినవాటి లెక్క సిస్టమ్‌డీ సీగ్రూప్‌ల సాయంతో తనే ఉంచుకుంటుంది.

భాగవతం దశమస్కంధంలో నారదుడికి ఒక సందేహం వస్తుంది, ఇన్ని వేలమంది భార్యలతో కృష్ణుడొక్కడు ఎలా కాపురం చేస్తున్నాడని. ద్వారకకి వెళ్ళి ఇంటింటికీ తొంగి చూస్తాడు. ప్రతి ఇంట్లోనూ కృష్ణుడున్నాడు. ఒకచోట పాచికలాడుతున్నాడు, ఒకచోట పిల్లల్ని ఆడిస్తున్నాడు, ఇంకోచోట అనుష్ఠానంలో ఉన్నాడు. రక్తబీజుడికీ ఈ కృష్ణుడికీ తేడా ఏమిటంటే, రక్తబీజుడి నకళ్ళన్నీ ఒకే నేల మీద ఒకే పని చేస్తాయి. ఇక్కడ ప్రతి రూపానికీ ఒక ఇల్లుంది, ఆ ఇంటికి తగ్గ పనుంది. నకలుకీ కాపురానికీ ఉన్న తేడా అది.

2013 మార్చిలో సాలమన్ హైక్స్ డాకర్‌ని చూపించాక ఈ గోడలూ మీటర్లూ అన్నీ ఒక మూటగా అందరి చేతికీ వచ్చాయి. ఇప్పుడు ఒకే మెషీన్ మీద ఇరవై సర్వర్లు, ప్రతి ఒక్కటీ తానే 80వ గుమ్మంలో ఉన్నాననుకుంటుంది. 98వ నంబరు తప్పు పోలేదు, వీధి గోడ దగ్గరికి జరిగింది. పునాది మాత్రం ఇప్పటికీ ఒకటే. 2016 అక్టోబరులో బయటపడిన ‘డర్టీ కౌ’ లోపం తొమ్మిదేళ్ళుగా లినక్స్ కెర్నెల్లో ఉంది. పునాదిలో పగులుంటే పై పోర్షన్ల గోడలు ఎంత గట్టివైనా ఏం లాభం?

మూట కట్టుకోవడం

ఇంత చరిత్రా లేమితో మొదలైంది. ఇవాళ దాన్ని అందరికంటే ఎక్కువ వాడుకునేది వేల మెషీన్ల మీద లక్షల నకళ్ళు నడిపే పెద్ద సంస్థలు. విచిత్రం ఏమిటంటే, అదే సమయంలో చిన్నవాళ్ళు వేరు కాపురాలు వదిలేసి ఆ సంస్థల పెద్ద హాలులోకి చేరిపోయారు. ఫేస్‌బుక్ పేజీ మన సర్వర్ కాదు. దానికి మన గుమ్మం లేదు, మన డేటా డైరెక్టరీ లేదు. వాళ్ళ డేటాబేసులో మనం కొన్ని వరసలం. ఖర్చు లేదు, నిజమే. సత్రంలో పడుకోవడానికీ ఖర్చుండదు.

సత్రాలు మూతపడతాయి కూడా. 2009 అక్టోబరులో జియోసిటీస్ పోయింది. తెలుగు సాహిత్య చర్చలు ఎన్నో జరిగిన ‘రచ్చబండ’ ఒక యాహూ గ్రూపు. యాహూ 2019లో గ్రూపుల్లోని పాత సందేశాల్ని తీసేస్తామని ప్రకటించింది. 2020 డిసెంబరులో గ్రూపుల్నే మూసేసింది. ఎవరికి వాళ్ళు ముందుగా తీసి దాచుకున్నదే మిగిలింది.

వేరు కాపురం గొప్పతనం అక్కడ ఉంది. పోర్టు, కాన్ఫిగ్, డేటా డైరెక్టరీ, పేరు అన్నీ విడిగా ఉన్న సర్వర్‌ని ఇంకో మెషీన్ మీదికి తీసుకుపోవడం ఒక సాయంత్రం పని. పాతచోట ఆపి, డైరెక్టరీ కాపీ చేసి, కొత్తచోట లేపి, పేరుని అటు తిప్పితే అయిపోతుంది. నలభై ఏళ్ళు కష్టపడి ఆ సామాను జాబితా విడదీసినందుకు మనకి దక్కిన అసలు ఫలితం, పక్కింటివాడితో గొడవ లేకపోవడం ఒక్కటే కాదు. ఇల్లుగలాయనతో తేడా వస్తే లేచి వెళ్ళిపోగలగడం.

అందుకే ఎవరైనా మిత్రులు కొత్త పత్రిక పెడుతున్నాం, ఎక్కడ పెట్టమంటావ్ అని అడిగితే ధర గురించీ వేగం గురించీ తర్వాత మాట్లాడతాను. ముందు అడిగేది ఇదే: మీ రాతలన్నీ ఏ డైరెక్టరీలో ఉంటాయి, రేపు పొద్దున్న ఖాళీ చెయ్యమంటే దాన్ని మూట కట్టుకుని మీరు బయటికి రాగలరా?